కొండన్న చెప్పని భయం

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో జంతువులకి దయ్యాల వేషాలంటే భలే సరదా. జంతువులకి వేషాలేమిటని నన్ను ఎదురు అడక్కండి. చెబుతున్నాను కదా, వినండి.

వానలు వెనకబట్టాక వచ్చే మొదటి అమావాస్యకి అక్కడ భయాల విందు జరిగేది. పొద్దు వాలే వేళకి అందరూ దయ్యాల్లా తయారై పెద్ద బండరాయి దగ్గర చేరేవాళ్ళు. నెమలి ఒళ్ళంతా బూడిద పూసుకుని వచ్చేది. నక్క మొహానికి టేకాకు కట్టుకుని, దానికి రెండు చిల్లులు పెట్టి చూసేది. ముళ్ళపంది మాత్రం ఏ వేషమూ వేసేది కాదు. తను మామూలుగా వస్తే చాలని దాని నమ్మకం.

ఆ విందులో వడ్డించేది ఒకే ఒక్క తీపి. దాని పేరు భయం ఉండ. ఎవరికి దేనంటే భయమో, ఆ రూపంలో వాళ్ళకి ఒక ఉండ చేసేవాళ్ళు. భయం ఎంత పెద్దదైనా, ఉండ మాత్రం ఒక్క నోటికి సరిపోయేంతే ఉండాలి. కొరక్కూడదు. అందరూ చూస్తుండగా టపీమని నోట్లో వేసుకోవాలి. అది మింగగానే చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్క గొంతుతో, "ఇక మేమున్నాం" అనాలి. అదీ ఆనవాయితీ.

ఉండలు చేసే పని ఎలుగుబంటి జిట్టమ్మది. తేనె ఎక్కడుందో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. విందు దగ్గర పడుతోందంటే ఆమె గడప గడపకీ తిరిగి, ఎవరికి ఏమంటే భయమో చెవిలో అడిగి తెలుసుకునేది. ఉత్త పేరు చెబితే ఊరుకునేది కాదు. అదెలా ఉంటుంది, ఎటునుంచి వస్తుంది, వచ్చేముందు చప్పుడవుతుందా అని ఆరాలు తీసేది. అడగడమంటే ఆమెకి తేనెకన్నా ఇష్టం.

ఆ ఏడు కుందేలు తనకి గుడ్లగూబంటే భయమంది. ఎలా ఉంటుందని జిట్టమ్మ అడిగితే, కళ్ళు తప్ప తనెప్పుడూ ఏమీ చూడలేదని చెప్పింది. దాంతో జిట్టమ్మ సీతాఫలం గుజ్జుని తెల్లగా ఉండ చుట్టి, రెండు నల్ల గింజలు గుచ్చింది. చూస్తుంటే ఆ ఉండే తిరిగి మనల్ని చూస్తున్నట్టుండేది. ఉడత తనకి పామంటే భయమంది. జిట్టమ్మ ఎండు ఇప్పపూలని తేనెలో ఉడికించి, సన్నగా సాగదీసి, చుట్టలు చుట్టి, నాగజెముడు పండు తొక్కతో ఎర్రని నాలుక పెట్టింది. నక్క మాత్రం చాలాసేపు నసిగింది. చివరికి, తను కూత పెడితే కొండ అవతలనుంచి అదే కూత తిరిగి వస్తుందే, అదంటే తనకి వణుకు అని చెప్పింది. కూతని ఉండగా చేయడం ఎలా? జిట్టమ్మ రెండు రోజులు తల గోక్కుంది. ఆఖరికి తేనె పాకంతో బోలుగా ఒక నక్క తల చేసి, దాని లోపల అచ్చం అలాంటిదే ఇంకో బుల్లి నక్క తల పెట్టింది.

చివరికి ఆమె అడవిదున్న కొండన్న దగ్గరికి వెళ్ళింది.

కొండన్న దున్నల మందకి పెద్ద. రోజూ సాయంత్రం మందని మేత దగ్గరనుంచి మడుగుకి నడిపించుకు పోయేది ఆయనే. దారికి రెండు వైపులా ఊబి ఉంది. నడుమ ఒక సన్నని గట్టు. ఆయన ముందు నడిస్తే, మిగతా దున్నలన్నీ ఒకదాని వెనక ఒకటి, కళ్ళు మూసుకుని నడిచేవి.

అయితే ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. మీకు చెబుతాను. పోయిన వేసవినుంచి కొండన్నకి పొద్దు వాలితే కళ్ళు కనబడటం లేదు. గట్టు మీద అలవాటుకొద్దీ, పాదాలతో తడుముకుంటూ నడుస్తున్నాడు. మడుగు చేరేదాకా ఆయన గుండె దడదడలాడుతూనే ఉండేది. ఆయన భయం పులి కాదు, పిడుగు కాదు. చీకటి.

"కొండన్నా, నీకు దేనంటే భయం?" అని జిట్టమ్మ అడిగింది.

ఆయన ఆలోచించాడు. ఇంత ఒళ్ళున్నవాడు చీకటంటే భయమని చెబితే నవ్వరూ? రేపటినుంచి మంద తన వెనక నడుస్తుందా? గొంతు సవరించుకుని, పులి అని చెప్పాడు. పులికి భయపడితే పరువుకేమీ లోటు లేదు.

"ఎలా ఉంటుంది ఆ పులి?"

"పులి పులిలాగే ఉంటుంది. చారలుంటాయి."

జిట్టమ్మకి ఎక్కడో తేడా కొట్టింది. నిజంగా భయపడేవాళ్ళు అంత పొట్టిగా చెప్పరని ఆమెకి తెలుసు. కానీ పెద్దవాడు, గుచ్చి గుచ్చి అడిగితే బాగుండదని ఊరుకుంది. ఎండబెట్టి దాచిన ఈతపళ్ళ గుజ్జుతో పులి ఉండ చేసి, నల్ల నువ్వులతో చారలు దిద్దింది.

విందు రోజు వచ్చింది. కుందేలు కళ్ళు గట్టిగా మూసుకుని గుడ్లగూబని మింగేసింది. అందరూ "ఇక మేమున్నాం" అన్నారు. గుడ్లగూబ కనబడితే చెట్టుమీదనుంచి కేక వేస్తానని ఉడత మాట ఇచ్చింది. నక్క కూత పెట్టినప్పుడల్లా తామూ బదులు పలుకుతామని నెమళ్ళు చెప్పాయి. ఇక కొండన్న వంతు. అప్పటికి వెలుగు పోయింది. బండమీద మోదుగాకులో ఉన్న ఉండ ఆయన కంటికి ఆనలేదు. నాలుక చాపి అందినకాడికి లాక్కుని, ఆకుతో సహా కరకర నమిలేశాడు. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. పులి మీద కొండన్నకి అంత కసి ఉందన్నమాట అనుకున్నారు. పులి జాడ తెలిస్తే వెంటనే కబురు చేస్తామని తలో మాటా ఇచ్చారు. అక్కర్లేని మాటలు అన్ని దొరికితే ఏం లాభం?

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం అకాల వాన కురిసింది. గట్టు ఒకచోట కోసుకుపోయింది. పగలు చూసినవాళ్ళకి అది తెలుస్తుంది. కొండన్నకి తెలియలేదు. ఆ సాయంత్రం ఆయన ఎప్పటిలాగే ముందు నడిచాడు. వెనకాలే మందలోని నల్లమ్మ కూతురు బుడిగి, ఇంకా కొమ్ములు రాని దూడ, ఆయన తోకకి మూతి ఆనించి నడుస్తోంది. కోసుకుపోయిన చోట కొండన్న కాలు ఊబిలోకి దిగింది. ఆయన బలవంతుడు, ఒక్క ఊపుతో బయటపడ్డాడు. వెనక వచ్చిన బుడిగి మాత్రం పొట్టదాకా కూరుకుపోయింది.

దూడ అరుపులకి అడవంతా పరుగెత్తుకొచ్చింది. జిట్టమ్మ కొమ్మలు విరిచి ఊబిలో పరిచింది. నల్లమ్మ వాటిమీద మోకాళ్ళు ఆన్చి, బిడ్డ మెడ కింద కొమ్ములు పెట్టి ఎత్తింది. చాలాసేపటికి బుడిగి బురద ముద్దలా బయటికొచ్చింది. ఊపిరి అందాక కూడా అది ఏడవలేదు. కొండన్నని చూసి, "తాతా, నువ్వు అటెందుకు నడిచావు?" అని అడిగింది.

కొండన్న జవాబు వెతుక్కునేలోపే నక్క అందుకుంది. పులి వాసన తగిలి ఉంటుంది, అందుకే పక్కకి తప్పుకున్నాడు అంది. అందరూ అంతే అయి ఉంటుందని తలలూపారు. కొండన్న కూడా ఊ అంటే సరిపోయేది. పరువు నిలిచేది. మర్నాడు మళ్ళీ మంద ఆయన వెనకే నడిచేది.

ఆయన బురదలో వణుకుతున్న బుడిగి వైపు తిరిగాడు. అది ఎక్కడుందో కూడా ఆయనకి కనబడటం లేదు. దాని పళ్ళు టకటక కొట్టుకునే చప్పుడు మాత్రం వినబడుతోంది.

"పులీ లేదు, గిలీ లేదు తల్లీ. పొద్దు వాలితే నాకు కళ్ళు కనబడవు. నా భయం చీకటి. విందులో అబద్ధం చెప్పాను."

ఎవరూ నవ్వలేదు. కానీ నల్లమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"ఆ మాట ముందే చెప్పి ఉంటే నా బిడ్డ ఊబిలో పడేదా మామా?" అంది.

కొండన్న తల దించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే జిట్టమ్మ వచ్చి ఆయన ఎదురుగా చతికిలబడింది. చీకటి ఎలా ఉంటుందని అడిగింది. ఈసారి కొండన్న పొట్టిగా చెప్పలేదు. అది నల్లగా రాదన్నాడు. ముందు పొగలా అంచులనుంచి కమ్ముకొస్తుందన్నాడు. చివరికి నడుమ చిన్న వెలుగు చుక్క మిగులుతుందని, అదీ పోయాక చప్పుళ్ళన్నీ మీదికొచ్చినట్టుంటాయని చెప్పాడు. జిట్టమ్మ నోరు తెరుచుకుని వింది. ఇంటికెళ్ళి నల్ల నువ్వులు దంచి, ముద్ద చేసి, దాని నడుమ ఒక్క తేనె చుక్క దాచింది.

వేషాలు లేవు, పండగ లేదు. అందరి ముందూ కొండన్న ఆ ఉండ మింగాడు. "ఇక మేమున్నాం" అన్నారంతా, ఒక్క నల్లమ్మ తప్ప. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె కోపం ఇంకా పూర్తిగా తగ్గలేదు.

"సాయంత్రం నేను ముందు నడుస్తాను. నువ్వు వెనక రా మామా" అంది.

ఆ సాయంత్రం కొండన్న మొదటిసారి మంద చివర నడిచాడు. పక్కనే బుడిగి, "ఇక్కడ రాయుంది తాతా, ఇక్కడ మలుపుంది తాతా" అని చెబుతూ నడిచింది. వెనక నడవడం సిగ్గుగా ఉంటుందని ఆయన ఇన్నాళ్ళూ హడలిపోయాడు. తీరా నడిస్తే ఏ సిగ్గూ వేయలేదు. మడుగు చేరి మూతి ముంచాడు. పోయిన వేసవినుంచి రోజూ ఆ నీళ్ళు తాగుతూనే ఉన్నాడు, కానీ గుండె దడలో వాటి రుచే తెలియలేదు. ఆ రోజు తెలిసింది. కడుపునిండా తాగాడు.

నీతి: మన భయాన్ని దాచుకుంటే మనల్ని నమ్మి వెనక నడిచేవాళ్ళు మునుగుతారు, ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటే తోడు దొరుకుతుంది.