అప్పడాలు లోపలికొచ్చిన రోజు

కొత్తకాలనీలో సంఘం స్థాపించడానికి వచ్చి మూడేళ్లయినా, ఆదివారం ఆరాధనకు పద్నాలుగు మందికి మించి రావడం లేదన్నది పాస్టరు ఎబినేజరు బాధ. ఆ పద్నాలుగు మందిలో అతనూ, భార్యా, ఇద్దరు పిల్లలూ ఉన్నారు.

ప్రయత్నం చేయక కాదు. మందిరంగా రేకుల షెడ్డు వేశాడు. రెండు పెద్ద స్పీకర్లు కొన్నాడు. సంఘాభివృద్ధి మీద ఎక్కడ సదస్సు జరిగినా వెళ్లి కూర్చుని రాసుకొచ్చాడు. కాలనీ పటం గీసి, ఏ వీధికి ఏ నెలలో కరపత్రాలు పంచాలో ఎర్ర సిరాతో గుర్తులు పెట్టాడు. అయినా వీధిలోని వాళ్లు షెడ్డు ముందు నుంచి తల తిప్పుకునే పోయేవాళ్లు.

చివరికి వేరే ఊరికి మార్చమని మిషను ఆఫీసుకు ఉత్తరం పెట్టాడు. పెట్టాక మనసు కుదురుగా లేక, తనకు సేవ నేర్పిన దైవాశీర్వాదం అయ్యగారికి ఫోన్ చేశాడు.

"అయ్యగారూ, ఈ కాలనీ జనం మారరు. ఇక్కడ నావల్ల కాదు. మీరొకసారి వచ్చి చూస్తే మీకే తెలుస్తుంది."

"గురువారం వస్తాను. మీ ఆవిడ చింతకాయ పచ్చడి పెట్టిందా ఈ ఏడు?" అన్నాడు అయ్యగారు.

పెట్టిందని తెలిశాక ఫోన్ పెట్టేశాడు.

అయ్యగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. నలభై ఏళ్లు సైకిల్ మీద పల్లెలన్నీ తిరిగిన మనిషి. గురువారం పొద్దున బస్సు దిగాడు. పచ్చడితో రెండుసార్లు అన్నం కలుపుకున్నాడు. ఎబినేజరు పటం పరిచి అరగంట మాట్లాడితే అంతా విన్నాడు. విని, "మీ మందిరంలో ఫ్యాను బాగా తిరుగుతుందా? కాసేపు నడుం వాలుస్తాను" అన్నాడు.

ఎబినేజరు కొంచెం చిన్నబోయాడు. అయినా తీసుకెళ్లి షెడ్డు తాళం తీశాడు.

ఆ వీధి ఆడవాళ్లలో చాలామందికి అప్పడాల పనే జీవనం. పొద్దున్నే పిండి కలిపి, ఒత్తి, షెడ్డు ముందు ఖాళీ జాగాలో మంచాల మీదా చీరల మీదా ఎండబెడతారు. ఆ రోజూ అంతే. వీధి నిండా అప్పడాలే. అయ్యగారు గుమ్మంలో నిలబడి ఆ వరసలను ముచ్చటగా చూస్తున్నాడు.

అంతలో ఎండ పోయింది. పడమటి వైపు నుంచి గాలి లేచింది. టప్ టప్ మని నాలుగు చినుకులు రేకుల మీద పడ్డాయి.

"వానోయ్! వాన!" అని ఎవరో కేకపెట్టారు. ఇళ్లల్లోంచి ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. వాళ్లవన్నీ ఒంటిగది ఇళ్లు. పరిచినవన్నీ ఎక్కడ పెట్టాలో తోచక ఒకరినొకరు కేకలేసుకుంటున్నారు.

ఎబినేజరు తిరిగి చూసేసరికి అయ్యగారు పక్కన లేడు. పంచె ఎగ్గట్టి జాగా మధ్యలో ఉన్నాడు. ఒక చీర అంచు రెండు చేతులతో పట్టుకుని పిలుస్తున్నాడు.

"ఎబినేజరూ! ఆ కొస పట్టు!"

"ఎక్కడికి అయ్యగారూ?"

"లోపలికి!"

"అయ్యగారూ, అది ఆరాధన స్థలం..."

"తడిసిపోతున్నాయి నాయనా. పట్టు!"

పట్టాడు. ఆ చీర తెచ్చి చాపల మీద దించారు. ఇంకోటి తెచ్చారు. అది చూసి ఆడవాళ్లు మంచాలు మోసుకొచ్చారు. వాన బాగా అందుకునేసరికి వేదిక మీద అప్పడాలు, బల్ల మీద అప్పడాలు, స్పీకర్ల మీద కూడా అప్పడాలే. ఎబినేజరు చొక్కా తడిసి, మోచేతుల దాకా పిండి అంటుకుంది.

సరుకంతా లోపలికొచ్చింది గాని ఆడవాళ్లు మాత్రం చూరు కింద నిలబడి తడుస్తున్నారు. వాళ్లకు పెద్దదిక్కు మస్తానమ్మ. మైకు చప్పుడుకు మనవడు ఉలిక్కిపడి లేస్తున్నాడని ఎబినేజరుతో రెండుసార్లు పోట్లాడిన మనిషి.

"మేం లోపలికి రావచ్చో రాకూడదో" అంది ఆమె.

"మీ అప్పడాలు వచ్చి దర్జాగా కూర్చున్నాయి కదమ్మా, మీరు బయటుంటే ఎట్లా?" అన్నాడు అయ్యగారు.

ఒక్కసారిగా అందరూ నవ్వారు. చెప్పులు విడిచి, కొంగులు పిండుకుని లోపలికొచ్చారు. ఫ్యాన్లు వేశారు. ఎవరి సరుకు పక్కన వాళ్లు కూర్చున్నారు.

ఎబినేజరు మనసు గబగబా లెక్కవేసింది. పాతికమంది పైనే! మూడేళ్లలో ఇంతమంది ఎప్పుడూ ఈ గడప దాటలేదు. అయ్యగారి చెవి దగ్గరికి వంగాడు.

"నాలుగు మాటలు చెప్పండి అయ్యగారూ. మైకు పెట్టనా?"

"తలదాచుకోవడానికి వచ్చిన వాళ్లను కట్టేసి చెబుతామా?" అన్నాడు అయ్యగారు మెల్లగా. తర్వాత మస్తానమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఇంగువ నీళ్లలో కరిగించి పోస్తారా, పొడే పిండిలో కలుపుతారా?" అని అడిగాడు.

అంతే, షెడ్డంతా సందడైపోయింది. ఒకరు నీళ్లలో అన్నారు, ఒకరు పొడే మేలన్నారు. ఇంట్లో వేయించి ఉంచిన రకం తెచ్చి చూపిస్తానని ఒకామె వానలోనే పరుగెత్తింది.

మస్తానమ్మ ఎబినేజరు వైపు చూసి, "మీరిచ్చే కాగితాలు ఒక్కటీ పారెయ్యలేదు పాస్టరు గారూ" అంది.

అతని ముఖం వెలిగింది. "చదువుతున్నారా అమ్మా?"

"నాకు చదువెక్కడిది? కట్ట కట్టేటప్పుడు మధ్యన పెడతాను. అప్పడం అప్పడానికి అంటుకోదు."

అయ్యగారు కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వాడు. ఎబినేజరు బిగుసుకున్నాడు. కాసేపటికి అతనికీ నవ్వాగలేదు.

"ఈ పెద్దాయన మీకేమవుతారు?" అడిగింది మస్తానమ్మ.

"మా గురువు గారమ్మా."

"ఏం నేర్పుతారు?"

ఎబినేజరు కన్నా ముందే అయ్యగారు అందుకున్నాడు. "ఇవాళైతే మంచం మొయ్యడం."

వాన సన్నబడింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే సర్దుకుంటున్నారు. మస్తానమ్మ లేచి కొంగు చేతిలో నలుపుకుంటూ అయ్యగారి ముందు నిలబడింది.

"పెద్దయ్యా, మా చిన్న కోడలికి నెలలు నిండాయి. మొదటి కాన్పు. పిల్ల భయపడుతోంది. మీ దేవుడికి ఒక మాట చెప్పండి."

"నేను సాయంత్రం బస్సుకి పోయేవాణ్ణమ్మా. ఈ పాస్టరు మీ వీధిలోనే ఉంటాడు, ఇతన్ని అడుగు."

ఎబినేజరు నోటికి మామూలుగా వచ్చే పెద్ద పెద్ద మాటలేవీ రాలేదు.

"కోడలి పేరేంటమ్మా?" అన్నాడు.

"నాగలక్ష్మి."

మూడేళ్లుగా ఆ ఇంటి ముందు నుంచే నడుస్తున్నాడు. ఆ పేరు వినడం అదే మొదలు. పిండి అంటిన చేతులు జోడించి కళ్లు మూసుకున్నాడు. మూడే ముక్కల్లో ప్రార్థన అయిపోయింది. కళ్లు తెరిచేసరికి మస్తానమ్మ కళ్లు తుడుచుకుంటోంది.

సాయంత్రం బస్టాండులో బదిలీ మాట ఎబినేజరూ ఎత్తలేదు, అయ్యగారూ అడగలేదు. బస్సు ఎక్కి, కిటికీ దగ్గర కూర్చుని, "ఆ పచ్చడి ఒక సీసా పంపించు" అని మాత్రం అన్నాడు.

శనివారం పొద్దున మిషను ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. బదిలీ ఉత్తరం అందిందనీ, వేరే ఊరు చూశామనీ, మాట్లాడటానికి వెంటనే బయల్దేరి రమ్మనీ చెప్పారు.

"ఇవాళ కుదరదండి. బాలింతను చూడటానికి వెళ్లాలి. నాగలక్ష్మికి రాత్రి ఆడపిల్ల పుట్టింది" అన్నాడు ఎబినేజరు.

"ఎవరు, మీ సంఘం మనిషా?"

ఎబినేజరు చెప్పుల్లో కాళ్లు పెడుతూ ఆగాడు.

"కాదండి," అన్నాడు నవ్వుతూ. "నేనే వాళ్ల వీధి మనిషిని."