మూడో బటన్

భ్రమరాంబ గారి గదిలో కంప్యూటరు తెర గోడవైపు తిరిగి ఉంటుంది. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. తెరమీది రాతను చదివి వినిపించే ప్రోగ్రాముతో పదిహేనేళ్లుగా కర్నూలులో కంప్యూటరు పాఠాలు చెబుతున్నారు. చూపున్నవాళ్లు నేర్చుకోవడానికి వచ్చినా ఆ తెర ఇటు తిరగదు.

అలా వచ్చినవాడే ఫణీంద్ర. వెబ్‌సైట్లు తయారుచేసే కంపెనీలో ఉద్యోగి. ఒక శుక్రవారం ఆమెను అడిగాడు: "మేడం, చూపు లేనివాళ్లు వెయ్యిమందిలో ఒకరో ఇద్దరో వస్తారు. వాళ్ల పక్కన ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. ఆ ఒక్కరి కోసం పేజీలన్నీ తిరగరాయాలా?"

ఆమె జవాబు చెప్పేలోగా హుసేనమ్మ లాప్‌టాప్‌తో లోపలికి వచ్చింది. భ్రమరాంబ గారి పాత విద్యార్థిని. చూపు లేదు. వసతి పాఠశాలల్లో కంప్యూటరు టీచరు ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టడానికి అదే ఆఖరి రోజు. సాయంత్రం ఐదింటికి సైటు మూతపడుతుంది. వయోపరిమితిలో ఇచ్చే సడలింపు కలుపుకున్నా వచ్చే ఏటికి ఆమెకు వయసు మించిపోతుంది.

"అన్నీ నింపినాను మేడం. చివరి పేజీలో 'బటన్, బటన్, బటన్, బటన్' అంటాంది. ఏది ఏందో చెప్పదు."

ఫణీంద్ర ముఖం మారింది. ఆ సైటు అతను కట్టిందే. నాలుగు బటన్లకూ బొమ్మలు పెట్టాడు గానీ పేర్లు పెట్టలేదు. అందులో చెత్తబుట్ట బొమ్మ నొక్కితే దరఖాస్తు మొత్తం చెరిగిపోతుంది.

"కళ్లు మూసుకుని నేనే పరీక్షించాను మేడం, చక్కగా పనిచేసింది. మూడోది నొక్కమ్మా."

"బటన్లు పెట్టిన చేతికి మూడోదని తెలియదా సార్!" అంది హుసేనమ్మ.

"పోనీ, ఇటివ్వు. నేను నొక్కేస్తా."

ఆమె కీబోర్డు మీద రెండు అరచేతులూ పరిచింది. "'ఎవరి సాయమూ లేకుండా నేనే పూర్తిచేశాను' అని టిక్కు పెట్టించుకున్నారు. మీరు చెప్పినా, నొక్కినా సాయమే గదా. ఆ మాట రాసింది ఎవరు?"

"నేనే."

"మళ్లా నాతో అబద్ధం ఆడిస్తారా? రేపు పిల్లోళ్లకు కంప్యూటరు నేర్పాల్సినదాన్ని. వాళ్ల ముందు ఎవరి చేత్తో నొక్కాల నేను?"

"టైము నాలుగూ ఇరవై అమ్మా! పోతే ఉద్యోగం పోతుంది."

"పోనీండి సార్. చేతకాక పోయిందని మాత్రం ఎవరూ అనుకోకూడదు."

ఫణీంద్ర బయటి వరండాలోకి కూడా వెళ్లకుండా అక్కడే నిలబడి మేనేజరుకు ఫోను చేశాడు. పేర్లు చేర్చడం పది నిమిషాల పని అన్నాడు. ఆఖరి రోజున నడుస్తున్న సైటు మీద చెయ్యి వేయకూడదని వాళ్ల ఆఫీసు కట్టడి. ఏదైనా తేడా వస్తే వేసినవాడి మెడకు చుట్టుకుంటుంది.

ఫోనులో గొంతు గదిలో ముగ్గురికీ వినబడింది. "ఒక్క మనిషి కోసమా? పిచ్చా నీకు? పక్కన ఎవరో ఒకరు ఉంటారు గదయ్యా, నొక్కమను!"

ఫణీంద్ర హుసేనమ్మ వైపు చూశాడు. కీబోర్డు మీద ఆ చేతులు అలాగే ఉన్నాయి.

"ఎవరూ లేరు సార్" అన్నాడు. ఫోను పెట్టేశాడు. తన లాప్‌టాప్ తెరిచాడు.

నాలుగూ నలభైకి హుసేనమ్మ పేజీని మళ్లీ తెరిచింది. యంత్రం ఒక్కొక్క బటన్ పేరూ చదివింది: సరిదిద్దు, ముద్రించు, సమర్పించు... ఆమె అక్కడ ఆగి నొక్కింది. దరఖాస్తు సంఖ్యను యంత్రం చేతే రెండుసార్లు చెప్పించుకుంది. లాప్‌టాప్ మూసి, ఆదోని బస్సుకు వేళైందని లేచి వెళ్లిపోయింది.

ఫణీంద్ర ఫోను మోగుతూనే ఉంది. అతను తీయలేదు. "నేనడిగినదానికి మీరింకా జవాబు చెప్పలేదు మేడం" అన్నాడు.

"పక్కన ఎవరూ లేరన్నావు కదా" అన్నారు భ్రమరాంబ గారు. "పేజీ కట్టే ముందు రోజూ ఆ మాట ఒకసారి అనుకో."