తలకొమ్మ నీడ

అనగనగనగా ఒక ఇసుక దేశం. అక్కడికి వాన చుట్టపుచూపుగా వచ్చిపోయేది. అక్కడో ఊరు, ఆ ఊరంతటికీ ఒక్కటే జమ్మిచెట్టు. దాని ఆకు మేకలకు మేత, కాయ మనుషులకు కూర, ముల్లు దొడ్లకు కంచె. దసరానాడు ఆ ఆకునే బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకునేవారు. ఎంత కరువొచ్చినా చిటారున ఉండే తలకొమ్మ మాత్రం కొట్టకూడదు. అది చెట్టు ప్రాణమని పెద్దల కట్టడి.

వరసగా మూడో ఏడూ కరువే. మేకల కాపరి కొమరెల్లి పక్కకొమ్మలన్నీ కొట్టేశాడు. అయినా ఆశ తీరలేదు మహానుభావుడికి! ఎవరూ చూడకుండా తలకొమ్మ కూడా నరికి తన మేకలకు వేశాడు.

మర్నాడు పొద్దు వాలేవేళ చెట్టు నీడ ఇసుకలో పరుచుకుంది. చెట్టుకు తలకొమ్మ లేదు. నీడకు ఉంది! గాలి లేకపోయినా ఆ కొమ్మ నీడ ఊగుతోంది.

"కొమరెల్లీ, నా తల ఏది?" అంది చెట్టు.

"గాలికి విరిగింది తల్లీ," అన్నాడు కొమరెల్లి.

అప్పుడే వాడి పెద్దమేక ఆ నీడలోంచి ఇవతలికి వచ్చింది. మేక వచ్చింది, దాని నీడ రాలేదు. తెల్లారి ఎండెక్కేసరికి అది మాడి చచ్చింది.

రెండోనాడు చెట్టు మళ్ళీ అడిగింది. "ఒంటె మేసింది," అన్నాడు. అమ్మో, ఎంత గుండె! అంతలో గంజి తెచ్చిన కూతురు ఎల్లవ్వ ఆ నీడ దాటింది.

"అయ్యా, ఒళ్ళు మండుతోంది!"

చూస్తే పిల్లకు నీడ లేదు. గుడిసెలో పడుకోబెట్టినా ఒళ్ళు నిప్పే.

మూడోనాడు చెట్టు అడగకముందే కొమరెల్లి దాని మొదట్లో పడ్డాడు. "నేనే నరికాను తల్లీ! అబద్ధమాడిందీ నేనే. నా బిడ్డనొదిలెయ్, నన్ను తీసుకో!" అని ఊరంతా వినేట్టు ఏడ్చాడు.

"అయితే ఎక్కు," అంది చెట్టు.

ఎక్కాడు. తలకొమ్మ ఉండాల్సిన చోట చేతులు చాచి నిలబడ్డాడు. మొదటి పొద్దుకు ఎల్లవ్వ కళ్ళు తెరిచింది. రెండో పొద్దుకు గంజి అడిగింది. మూడో పొద్దుకు వాడి పాదాల పక్కన చిగురు వేసింది.

"దిగు," అంది చెట్టు.

ఎల్లవ్వ పరుగెత్తుకొచ్చి తండ్రిని వాటేసుకుంది. ఇసుకమీద ఒక్క నీడే ఉంది, అది పిల్లది. కొమరెల్లి నీడ చేతులు చాచుకుని చెట్టు నీడలోనే ఉండిపోయింది. నీడ లేని ఒళ్ళు ఎండకు మాడుతుందని, ఇక రోజూ ఎండ ఉన్నంతసేపూ వాడు ఆ చెట్టు కిందినుంచి కదిలేవాడు కాదు. మేతకొచ్చిన వాళ్ళకల్లా చిగురు చూపించి, "దీని జోలికి పోకండయ్యా," అనేవాడు.

అందుకే పిల్లలూ, అవసరానికి కొమ్మ కొట్టండి గాని ఆశకు తల కొట్టకండి. తప్పు చేస్తే ఒప్పుకోడానికి మూడోనాటిదాకా ఆగకండి.