పన్నెండు బండ్ల తాటాకులు

"పొద్దుగూకేలోగా ఈ తగవు తేల్చకపోయావో, పేరన్నా, ఈ తాటాకులన్నీ నీచేతే చదివిస్తా. రాగం తీసి మరీ!" అన్నాడు ఎఱ్ఱభూపతి.

ఆ రాజుగారికి తిక్కరేగితే మంత్రులంతా స్తంభాల చాటుకు జారుకుంటారు. దొరికేది పేరన్న ఒక్కడే. నవ్వించే కొలువులో చేరినందుకు అదీ శిక్ష.

పేరన్న వాకిట్లోకి తొంగిచూశాడు. పన్నెండు బండ్ల నిండా తాటాకు కట్టలే.

తగవు చూస్తే ఇంతే. బంకమట్టి గుంట ఒకటి తన మామకు ఊరి భూస్వామి చలపతిరాయుడి తాత రాసిచ్చాడని కుమ్మరి ఓబులమ్మ అంటుంది. ఆ రాసిన ఆకేమో రాయుడింట్లోనే ఉంది. రాయుడు గుంట చుట్టూ కంప కొట్టించాడు. మట్టి లేక రెండు నెలలుగా కుండలు కాల్చే ఆవం వెలగలేదు.

"తగవుకు సంబంధించిన ఆకులన్నీ తెచ్చి చూపించు" అని రాజు ఆజ్ఞాపిస్తే, ఆ మహానుభావుడు అటకంతా ఊడ్చి బండ్లకెత్తించాడు.

"రాయుడుగారూ, ఇవన్నీ ఈ తగవువేనా?" అడిగాడు పేరన్న.

"దేవుడి మీద ఒట్టు! ఒక్క ఆకు దాచుకోలేదు." రాయుడు మీసం మెలేశాడు. "తీరిగ్గా ఏరుకోండి. ఏడాది పడుతుందేమో!"

"ఏడాదా!" ఓబులమ్మ భగ్గుమంది. "అందాకా నా పిల్లలు మన్ను తినాలా? ఆ మన్ను కూడా ముట్టనివ్వడే ఈ పెద్దమనిషి!"

పేరన్నకు ఒళ్లు మండింది. వాకిట్లోకి దిగి, చేతికందిన ఆకు లాగి చదివాడు. ఏటిగట్టు మాగాణి. ఇంకోటి లాగాడు. కొబ్బరితోట. మరోటి, రాయుడుగారి మేడ. ఉన్నట్టుండి అతని ముఖం వెలిగిపోయింది.

"ఒరే తలారీ! బండెడు వేపమండలు నరుక్కురా!"

తగవు తేలేదాకా తగవులో ఉన్న ఆస్తిలో వేపమండ పాతడం ఆ రాజ్యంలో ఆచారం. మండ పాతినచోట నాగలి కదలకూడదు, కొడవలి ఆడకూడదు, గుమ్మం తొక్కకూడదు.

"మండలెందుకయ్యా?" రాయుడికి అనుమానమొచ్చింది.

"ఇవన్నీ తగవులోవేనని మీరే ఒట్టేశారు కదా! మాగాణిలో ఒకటి, తోటలో ఒకటి, మేడ గుమ్మంలో ఒకటి. ఏడాదేగా, ఇట్టే గడిచిపోతుంది."

రాయుడు చేతులు అడ్డంపెట్టాడు. "అయ్యయ్యో! పైరు కోతకొచ్చింది! వాటికీ ఈ తగవుకీ ఏం సంబంధం?"

"అయితే సంబంధమున్నది తీసివ్వండి. తీస్తే అదొక్కటే తగవులోది. తీయకపోతే పన్నెండు బండ్లూ తగవులోవే."

రాయుడు పంచె ఎగ్గట్టి ఏడో బండెక్కాడు. అడుగున చెయ్యి పెట్టి, కట్టైనా విప్పి చూడకుండా ఒక ఆకు లాగి పేరన్న చేతిలో పెట్టాడు.

పేరన్న గట్టిగా చదివాడు. "ఈ మట్టిగుంట కుమ్మరి లచ్చన్నకూ, అతని బిడ్డల బిడ్డలకూ ఇచ్చితిమి."

"మా మామే! మా మామ పేరే!" ఓబులమ్మ ఏడుస్తూనే నవ్వేసింది.

రాజు ముక్కున వేలేసుకున్నాడు. "ఏడాది పడుతుందన్నావు, చిటికెలో ఎలా దొరికిందయ్యా రాయుడూ?"

రాయుడు నోరు తెరిచేలోగా పేరన్నే అందుకున్నాడు.

"దాచినవాడికి వెతుకులాట దేనికి మహారాజా!"

సభ గొల్లుమంది. రాజు పొట్ట పట్టుకుని నవ్వి, గుంట ఓబులమ్మదేనని తీర్పిచ్చి, తన చేతి కడియం తీసి పేరన్నకు తొడిగాడు. ఓబులమ్మ అప్పటికే కొంగు దోపి, రాయుడి రెక్క పట్టుకుని కంప పీకించడానికి లాక్కెళుతోంది.