చెరువుకి విశ్రాంతి

అన్యాయం జరిగింది వరహాలమ్మకి, వైశాఖ శుద్ధ దశమి నాడు. చేసింది పరాయివాళ్ళయితే జుట్టు పట్టుకునేది. కట్టుకున్న మొగుడు తాతబ్బాయి, మరుదులు బుల్లియ్య, పండు అయిపోయారు. మా ఇంట్లో బుర్రలకి కరువు లేదని చెప్పుకునే మనుషులు. నిజమే, వాడితేగా అరగడానికి!

వరహాలమ్మ చెరువులో చేపలు చేతికొచ్చాయి. అవి అమ్మితే ఇంట్లోకి బియ్యం, పేటలో బడి పాకకి కప్పు, చెరువు గట్టుకి మట్టి. అన్నీ ఆ చేపల మీదే. ముందురోజు చేపల ఆఫీసు మేడం వచ్చి పేటందరికీ చెప్పింది:

"చెట్టుంటే గట్టు, గట్టుంటే నీళ్ళు, నీళ్ళుంటే చేప, చేపుంటే సంపాదన. అందులోంచి మళ్ళీ చెట్టుకీ గట్టుకీ పెట్టాలి. పేటంతా చెయ్యేసి ఇలా గుండ్రంగా తిప్పుకోవాలి, ఎక్కడా తెగకూడదు. చేపలు పట్టాక చెరువుకీ కాస్త విశ్రాంతి ఇవ్వండి."

తెల్లారి వరహాలమ్మ చేపల బేరానికి సంతకెళ్ళింది. అంతే, ముగ్గురూ గట్టుమీద సభ పెట్టారు.

"విశ్రాంతంటే ఎలారా?" అన్నాడు తాతబ్బాయి.

"అన్ని నీళ్ళు నెత్తిన పెట్టుకుని ఎవడైనా పడుకోగలడా అన్నయ్యా? ముందు బరువు దించాలి!" అన్నాడు బుల్లియ్య.

ఇంకేముంది, పేటని పిలిచారు. అందరూ బిందెలతో దిగి, చెరువులో నీళ్ళన్నీ తోడి పక్కన కాలవలో పోశారు. చేపలు బురదలో ఎగిరెగిరి పడుతున్నాయి.

"సంబరంరా వాటికి," అన్నాడు తాతబ్బాయి.

"సంబరం కాదు, ఎండ! నీడ కావాలి," అన్నాడు పండు.

నీడ గట్టుమీద చెట్ల కింద ఉంది. చేపలేమో చెరువులో ఉన్నాయి. చేపలు గట్టెక్కలేవు కాబట్టి చెట్లే దిగాలి. అంతే, గొడ్డళ్ళు తెచ్చి చెట్లన్నీ కొట్టి చేపల మీద పడేశారు. సగం చేపలకి నీడతోబాటు మోక్షం కూడా దొరికింది. వేళ్ళు కదిలిన గట్టు బొక్కబోర్లా కూలింది.

"చూశావా, గట్టు కూడా విశ్రాంతి తీసుకుంటోంది!" అన్నాడు బుల్లియ్య.

అప్పుడొచ్చింది వరహాలమ్మ. బుట్ట కిందపడేసి, "మీ బుర్రలు బుగ్గి కానూ! ఏమయ్యా, అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా?" అని అరిచింది. తిట్టడానికి కూడా తీరిక లేదు, మిగిలిన చేపలు నోళ్ళు తెరుస్తున్నాయి. "కాలవ నుంచి వరసగా నిలబడి నీళ్ళ బిందెలు అందించండి, ఊఁ!" అని, కొంగు బిగించి, కూలిన గట్టుకి అడ్డంగా మట్టి వెయ్యడానికి వంగింది.

వెనకాల హైలెస్సా, హైలెస్సా అని ఒకటే ఊపు. బిందెలు చప్పుడవుతున్నాయి. పోనీ ఒక్క మాటైనా విన్నారు, గట్టు కాస్త నిలిస్తే నాలుగు చేపలైనా దక్కుతాయనుకుంది. పొద్దు వాలాక నడుం పట్టుకుని తిరిగి చూసింది. చెరువులో చుక్క లేదు. చేపా లేదు. కొంగలు మాత్రం కదల్లేనంత తిని కూర్చున్నాయి. ఆ రోజు తెలివిగా ఉన్నవి అవే.

పేటంతా చెరువు చుట్టూ గుండ్రంగా నిలబడింది. కాలవలో ముంచిన బిందె చేతులు మారి, చెరువంతా చుట్టి, మళ్ళీ కాలవ దగ్గరికే వస్తోంది. అక్కడ పండు దాన్ని జాగ్రత్తగా కాలవలో పోస్తున్నాడు.

"ఎక్కడా తెగలేదు వదినా!" అన్నాడు, చెమట తుడుచుకుంటూ.

తాతబ్బాయి బొగ్గుముక్కతో బడి గోడమీద రాయించాడు: "వైశాఖ శుద్ధ దశమి. కాలవలో ముంచినవి నాలుగువందల పన్నెండు బిందెలు. కాలవలో పోసినవి నాలుగువందల పన్నెండు. నష్టం లేదు."