దాలప్ప వినకుండా పోయిన మాట

అనగా అనగా, మన తాతల తాతలు కూడా పుట్టని నాటి మాట. కొండ కింద ఒక పల్లె. ఆ పల్లెలో దాలమ్మ అనే ముసలామె. మొగుడు లేడు, బిడ్డల్లేరు, పొలం లేదు. చెయ్యి మంచిదన్న పేరొక్కటే ఉంది. ఎవరి పెట్ట పొదుగుకొచ్చినా దాలమ్మే వచ్చి బుట్టలో గుడ్లు పెట్టాలి. అందుకు ఆమెకింత అంబలి పోసేవాళ్లు. ఊరంతా దాలప్పా అని పిలిచేది.

ఒక ఏడు తెగులొచ్చి కోళ్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. కొన్ని పెట్టలు మిగిలాయి. పుంజు ఒక్కటే మిగిలింది, అదీ ముసలిది, ఎర్ర ఈకల డేగ పుంజు. ఇక ఊరు దాన్ని కొత్త అల్లుడిలా చూసుకుంది. ఇంటికో పూట వంతు వేసుకుని నెయ్యి కలిపిన తెల్లన్నం పెట్టింది. అల్లుడికి ఒళ్లొచ్చింది.

దాలమ్మ బుట్టలో గుడ్లు పొదగేసింది. మురిగాయి. బుట్ట మంచిది కాదన్నారు. బుట్ట మార్చారు. మురిగాయి. రోజు మంచిది కాదన్నారు. రోజు మార్చారు. మురిగాయి. ఇక మార్చడానికి దాలమ్మ చెయ్యే మిగిలింది.

ఊరిపెద్ద పోతినాయుడు ఆమె గుమ్మంలోకొచ్చాడు.

"ఇంకొక్క తడవ సూత్తాం, దాలప్పా. ఇదీ మురిగితే డేగని అమ్మోరికి కోసెత్తాం. నువ్వింక గుడ్డు ముట్టుకోకు."

"డేగని కోసెత్తే ఇంక పిల్లలెలాగొత్తాయి, బావూ?"

"ఉంటే మాత్రం వత్తన్నాయేటి?"

ఈసారీ మురిగితే? ఆ భయం ఆమెను వదల్లేదు.

దాలమ్మ డేగ వెంటే తిరుగుతూ గమనించింది. కూత బాగుంది. పెట్టల మీదికీ ఎక్కుతోంది. కానీ అన్నం తిన్నాక నీడన కూర్చుంటోంది. దిబ్బ గీరి పురుగు ఏరుకోవడం మానేసింది. దాలమ్మకు తన ఒళ్లే గుర్తొచ్చింది. గంజి తాగితే కడుపు నిండేది కానీ కాళ్లు నిలిచేవి కావు. ఉలవలు తిన్ననాడే లేచి తిరిగేది. ముసలి పుంజుకూ అంతేనేమో, అందుకే గుడ్డులో జీవం పడట్లేదేమో. అవునో కాదో ఆమెకూ తెలీదు.

పాతకుండలో పేడా తడిగడ్డీ కుక్కి చెదలున్న నేల మీద బోర్లించింది. తెల్లారేసరికి కుండ నిండా చెదలు. డేగ ముందు దులిపింది. మొదటి రోజు అది చూడలేదు. రెండో రోజు ఒకటి పొడిచింది. మూడో రోజు కుండను చూసి పరుగెత్తుకొచ్చింది. చెదలతో పాటు తెలకపిండి పెట్టింది, తన ఇంట ఉన్న ఉలవలు నానబెట్టి పెట్టింది. ఆమెకు గంజినీళ్లే మిగిలాయి.

"దాలప్ప పుంజుకి పత్యం పెడతంది, పురుడొచ్చిందేమో" అని ఆడవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. ఈసారీ మురిగితే?

నెల తిరిగాక పక్కింటి అసిరమ్మ పెట్ట పొదుగుకొస్తే దాలమ్మ దాని కింద గుడ్లు పెట్టింది. రోజూ వానలో కుండ మోసీ మోసీ, పిల్లలు దిగే వేళకు జ్వరంతో మంచం పట్టింది. దిగే ముందు పిల్ల గుడ్డులోంచే కీచుమంటుంది, దాన్నే గుడ్డు పలకడమంటారు.

"గుడ్డు పలికిందేటే, అసిరీ?"

"ఇంకా లేదప్పా."

మర్నాడూ అడిగింది. ఇంకా లేదంది. ఆ మర్నాడూ అడిగింది. పలికిందని ఒక్క అబద్ధం చెబుదామనుకుంది అసిరమ్మ. చెబితే గుడ్డుకు కీడని చెప్పలేదు. పొద్దు వాలేలోగా దాలమ్మ పోయింది, ఆ భయంతోనే పోయింది.

మర్నాడు పాడె మోసుకెళ్లారు. దారిలో దింపుడు కళ్లం దగ్గర దించారు. అక్కడ అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలవాలి, ప్రాణముంటే పలుకుతారని. దాలమ్మకు అయినవాళ్లు లేరు. ఎవరు పిలవాలో తెలీక మగవాళ్లు మొహాలు చూసుకున్నారు.

అంతలో అసిరమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆడవాళ్లు అందాకా రాకూడదన్నది మర్చిపోయింది. చీర కొంగులో గుడ్డు ఉంది. లోపలి నుంచి పిల్ల కీచుమంటోంది. దాన్ని దాలమ్మ చెవి దగ్గర పెట్టింది.

"దాలప్పా, పలికింది. దాలప్పా, పలికింది. దాలప్పా, పలికింది."

పోతినాయుడు తలపాగా తీసి మొహం కప్పుకున్నాడు.

ఆ బుట్టలో సగానికి పైగా పిల్లలు దిగాయి. డేగను ఎవరూ కొయ్యలేదు.

ఇప్పటికీ ఆ కొండ కింద గుడ్లు పొదగేసే ముందు పుంజుకు చెదల కుండ పెడతారు. దాన్ని దాలప్ప కుండ అంటారు. గుడ్డు మొదటిసారి పలికిన రోజు ఆ ఇంటి ఆడమనిషి చేతిలో పని వదిలేసి వీధి గుమ్మంలోకొచ్చి మూడుసార్లు చెబుతుంది.

"దాలప్పా, పలికింది."

గట్టిగా చెప్పాలి. పాపం, వినకుండా పోయిన మనిషి.