అవ్వ కూర్చున్న రాయి

మీ తాతల తాతలకు ఇంకా పాలపళ్ళు ఊడని రోజుల్లో, గవ్వలవాగు పక్కన ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో ఓబులవ్వ ఉండేది. ఆస్తి లేదు, అయినవాళ్ళు లేరు. ఉన్నవల్లా రెండు మోకాళ్ళు, అవీ ఆవిడ మాట వినవు. మనిషి మాత్రం భారీ మనిషి. ఒకచోట కూర్చుందంటే పొద్దు వాలిందాకా అక్కడే. పెళ్ళిళ్ళకు వంట చేసి బతికేది, అదీ కూర్చునే.

గవ్వలవాగు అంతకుముందు మెలికలు తిరిగి పారేది. చేలు కోసుకుపోతోందని పెద్దలు ఒక వేసవిలో పట్టుబట్టి తవ్వి దాన్ని తిన్నగా చేశారు. చేసి చంకలు గుద్దుకున్నారు. ఇంకేముంది, కురిసిన నీళ్ళు కురిసినట్టే పరుగెత్తి పోయేవి. ఊరివైపు తిరిగి చూస్తే ఒట్టు. గట్లు విరిగి పడ్డాయి, బావులు ఎండిపోయాయి. చివరికి ఊరిపెద్ద పెద్దకాపు అందరినీ పిలిచాడు.

"వచ్చే ఉగాదికి వాగులో నీళ్ళు నిలిచినాయా, ఉందాం. నిలవలేదా, ఊరెత్తేసి కొండ అవతలికి పోదాం" అన్నాడు.

అందరూ తలలూపారు. ఓబులవ్వ మాత్రం ఊపలేదు. కొండ దారిలో బండి పోదు. ఊరంతా నడిచిపోతుంది, మరి తను? తనను ఎవరు మోస్తారు?

"రాళ్ళు అడ్డమేస్తే నీళ్ళు ఆగవా నాయనా?" అంది.

"ఎవరేస్తారవ్వా? అదిగో, చావిట్లో దొర్లాడే పిల్లకాయలుండారు. వాళ్ళను తోలుకుపో" అన్నాడు పెద్దకాపు. నవ్వులాటకే అన్నాడు, అవ్వ నిజమనుకుంది.

ఆ కుర్రకారు గురించి చెప్పాలి. వాళ్ళలో పెంచలయ్య ఒకడు. మీసం మొలిచిన రోజు నుంచీ ఊరంతా తన భుజాల మీదే ఉందనుకునేవాడు. రంగసాని ఇంకొకతె. ఆ పిల్ల నోరు తెరిస్తే పెద్దకాపు కూడా పక్క సందులోంచి వెళ్ళేవాడు. మిగతావాళ్ళు వీళ్ళిద్దరి తగువు చూడ్డానికే పుట్టినట్టుండేవారు. అవ్వ వాళ్ళను ఒక్కటే అడిగింది.

"సంగటి చేసి పెడతా. వస్తారా?"

వచ్చారు. అవ్వను నులకమంచం మీద కూర్చోబెట్టి, నాలుగడుగులకోసారి దించి రొప్పుతూ, వాగుకు మోసుకుపోయారు.

తొలకరి నీళ్ళు సన్నగా పారుతున్నాయి. కుర్రాళ్ళు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు రాళ్ళగోడ పేర్చారు. "ఏనుగొచ్చి గుద్దినా కదల్దు" అన్నాడు పెంచలయ్య. తిండివేళయింది. అవ్వ సంగటితట్ట ఒళ్ళో పెట్టుకుని, గోడ మీద కూర్చుంది. రాయి దొర్లింది. రాయి వెంట అవ్వ, అవ్వ వెంట తట్ట, తట్ట వెంట అందరి కూడూ నీళ్ళపాలయ్యాయి.

"ఏనుగు రాలేదులే పెంచలయ్యా, అవ్వ వచ్చింది" అంది రంగసాని.

రెండోరోజు గోడ ఇంకా ఎత్తుగా లేపారు. అవ్వ కూర్చుంది. రాయి దొర్లింది. రాయి వెంట అవ్వ, అవ్వ వెంట తట్ట. ఆ సాయంత్రం చిన్న జల్లు పడి, మిగిలిన గోడను కూడా తుడిచిపెట్టుకుపోయింది. కడుపులు మాడిన కుర్రకారు గట్టు మీద వరసగా కూలబడ్డారు.

"గోడ సంగతి దేవుడెరుగు. ముందు అవ్వ కూర్చునే చోటు గట్టిగా చెయ్యండి, లేదంటే మనం చస్తాం" అంది రంగసాని.

మొట్టమొదటిసారి పెంచలయ్య ఎదురు చెప్పలేదు. ఆకలి మీదున్నాడు.

మూడోరోజు గుంట తవ్వారు. పెద్ద రాయిని సగం దాకా పాతారు. దాని వీపుకు ఇంకో రాయి ఆనించారు, సందుల్లో గులకరాళ్ళు కూరారు. గట్టు నుంచి వాగు నడిమి దాకానే వరస వేశారు, ఎందుకంటే కానుగచెట్టు నీడ అంతవరకే వస్తుంది. అవ్వ కూర్చుంది. అందరూ వంగి చూశారు. రాయి కదల్లేదు. అందరూ కడుపునిండా తిన్నారు.

అప్పటినుంచి అదే వాడుకైంది. పొద్దున చద్దికి తూర్పుగట్టు దగ్గర నీడ. పొద్దు వాలాక సంగటికి పడమటిగట్టు దగ్గర నీడ. అవ్వకు ఎండ పడదు. అందుకని అటొక వరస, కాస్త కిందికి పోయి ఇటొక వరస. పని ముందుకు పోయే కొద్దీ అవ్వకు కొత్త పీటలు. ఏ రాయి కదిలినా ఆ పూట పస్తే కాబట్టి, రాయి వేసేవాడికి పక్కవాళ్ళంతా కాపలా.

ముసురు పట్టింది. వాగు ఎర్రగా పొంగి వచ్చింది. పెద్దలంతా గట్టెక్కి చూస్తున్నారు. అవ్వ మంచం మీంచే తన పీటలు లెక్కపెట్టుకుంటోంది. నీళ్ళు పొద్దుటి పీటకు తగిలి అటు తిరిగాయి. సాయంత్రం పీటకు తగిలి ఇటు తిరిగాయి. మళ్ళీ అటు, మళ్ళీ ఇటు. తిరిగి తిరిగి పరుగు మరిచిపోయి, మలుపుల్లో మడుగులు కట్టాయి. ఒక్క రాయీ కదల్లేదు.

ఉగాది నాటికి మడుగులు నిండుగానే ఉన్నాయి, బావుల్లో చెంబు మునిగింది.

"ఇంత ఉపాయం ఎట్లా తట్టిందవ్వా?" అన్నాడు పెద్దకాపు.

"ఉపాయమేముంది నాయనా, ఎండ" అంది అవ్వ. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇంక నేను యాడికీ పోబన్లేదు గదా?"

చాలా ఏళ్ళకు అవ్వ పోయింది. పాడె మోసింది ఆ కుర్రాళ్ళే, అప్పటికి మీసాలు నెరిశాయి. దింపుడు కళ్ళం దగ్గర పాడె దించి, ఇంకా ప్రాణం ఉందేమోనని చెవిలో మూడుసార్లు పిలుస్తారు గదా. వాళ్ళు వాగులోకి దిగి, అవ్వ కూర్చున్నా కదలని ఆ మొదటి రాయి మీదే దించారు. పెంచలయ్య వంగి పిలిచాడు.

"అవ్వా, సంగటి చల్లారిపోతా ఉంది."

పలకలేదు. మళ్ళీ పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. సంగటి మాటకు కూడా పలకలేదంటే అవ్వ నిజంగానే పోయిందని అప్పుడు నమ్మారు, నమ్మి ఘొల్లుమన్నారు. ఏనాడూ నోరు మూతపడని రంగసాని ఆ రాయి వంక చూస్తూ, "కదల్లేదు" అని మాత్రం అంది.

ఇప్పటికీ తొలకరికి ముందు ఆ ఊరి కుర్రకారు వాగులో దిగి రాళ్ళు సరిచేస్తారు. ఊళ్ళోకెల్లా భారీ మనిషిని మంచం మీద మోసుకొచ్చి, సంగటితట్ట ఒళ్ళో పెట్టి, ఒక్కో రాయి మీదా కూర్చోబెడతారు. ఆ మర్యాద కోసం శివరాత్రి దాటిన దగ్గర్నుంచీ మెక్కేవాళ్ళున్నారు. ఊళ్ళో గోడ కట్టినా, అటక వేసినా, పెళ్ళి కుదిర్చినా ఎవరో ఒకరు అడుగుతారు, "అవ్వ కూర్చుంటుందా?" అని. కూర్చుంటుందని గుండె మీద చెయ్యేసి చెప్పగలిగితేనే పని ముందుకు సాగుతుంది.

ఆ ఊళ్ళో ఎవరు పోయినా దింపేది ఆ రాయి మీదే. కథ కూడా అక్కడే కూర్చుంది. లేవండి, మీ సంగటి చల్లారిపోతోంది.